కొత్త ఉపగ్రహానికి ఆర్డరు ఇచ్చేదెవరు?

ఉపగ్రహ టెలివిజన్ భవిష్యత్తు గురించి ఎక్కడ చర్చ జరిగినా అది ప్రేక్షకుల అభిరుచి చుట్టూనే తిరుగుతూ ఉంటుంది. యువతరం ఛానళ్లు చూడడం మానేసిందా, సెట్‌టాప్ బాక్సు స్థానాన్ని స్మార్ట్ టీవీ యాప్‌లు ఎంత వేగంగా ఆక్రమిస్తున్నాయి, చందాదారులు ఎటు మళ్లుతున్నారు అన్న ప్రశ్నలే ముందుకు వస్తాయి. ఈ రంగాన్ని చాలాకాలంగా ఆసక్తితో గమనిస్తున్న నాకు అసలు నిర్ణయం మరోచోట జరుగుతోందని అనిపిస్తుంది. ఒక ప్రసార ఉపగ్రహం ఆయుష్షు సుమారు పదిహేనేళ్లు. దాన్ని స్థానం తప్పకుండా నిలిపి ఉంచే ఇంధనం అడుగంటే సమయానికి అది కక్ష్యను ఖాళీ చేయక తప్పదు. ఆ చోటికి మరొకటి రావాలంటే కొన్నేళ్ల ముందే ఎవరో ఒకరు ఆర్డరు ఇచ్చి ఉండాలి. అంటే 2040 ప్రాంతంలో ఇంటి మీది డిష్‌కు సిగ్నల్ అందుతుందా లేదా అన్నది ఈ దశాబ్దంలోనే కంపెనీల బోర్డు సమావేశాల్లో తేలిపోతుంది.

అమెరికాలో ఇది ఇప్పటికే జరిగింది. 2015లో ఉపగ్రహ టీవీ సంస్థ డైరెక్‌టీవీని సుమారు 4,850 కోట్ల డాలర్లకు కొన్న టెలికాం సంస్థ ఏటీ అండ్ టీ, మూడేళ్లు తిరిగేసరికి ఇకపై టీవీ ఉపగ్రహాలను పంపబోమని చెప్పేసింది. అప్పటికే నిర్మాణంలో ఉన్న టీ-16 ఉపగ్రహం మాత్రం 2019 జూన్‌లో కక్ష్యకు చేరింది. ఆ తర్వాత డైరెక్‌టీవీ యాజమాన్యం చేతులు మారింది. ప్రత్యర్థి సంస్థ డిష్ నెట్‌వర్క్‌ను కలుపుకోవడానికి 2024 సెప్టెంబరులో ఒప్పందం కుదిరినా, ఆ సంస్థకు అప్పులిచ్చిన బాండుదారులు షరతులను తిరస్కరించడంతో నవంబరులోనే అది రద్దయింది. ఇన్ని మలుపుల మధ్య లక్షలాది ఇళ్లలో డిష్‌లు ఎప్పటిలాగే పనిచేస్తూ వచ్చాయి. ఆ సేవకు గడువు ఖరారైన సంగతి చూసేవారిలో చాలామందికి తెలిసి ఉండదు.

టెలివిజన్ ఆగిపోవడానికి ప్రేక్షకుల ఆసక్తి తగ్గవలసిన అవసరం లేదని చరిత్ర ముందే చూపించింది. భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ఉపగ్రహం భూమితో సమానంగా తిరుగుతూ ఒకేచోట నిలిచినట్టు కనిపిస్తుందని, అటువంటివి మూడు ఉంటే ప్రపంచమంతటికీ ప్రసారాలు అందించవచ్చని 1945లోనే రచయిత ఆర్థర్ సి. క్లార్క్ ప్రతిపాదించారు. 1964 టోక్యో ఒలింపిక్స్ దృశ్యాలను సింకామ్-3 ఉపగ్రహం పసిఫిక్ మహాసముద్రం దాటించింది. అయితే నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు భారతదేశంలో జరిగిన సైట్ (ఉపగ్రహ బోధన టెలివిజన్) ప్రయోగం. నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు అరువిచ్చింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాల్లో, సన్నని ఇనుప వలతో చేసిన మూడు మీటర్ల డిష్‌లు నేరుగా ఆకాశం నుంచి సిగ్నల్ అందుకున్నాయి. వ్యవసాయం, ఆరోగ్యం, చదువులకు సంబంధించిన కార్యక్రమాలను ఊళ్లకు ఊళ్లు కూర్చుని చూశాయి. గడువు ముగిసింది, ఉపగ్రహం పక్కకు జరిగింది, ఆ గ్రామాల్లో చాలావాటిలో తెర మళ్లీ ఖాళీ అయింది. చూసేవాళ్లు అక్కడే ఉన్నారు, చూడాలన్న కోరికా అలాగే ఉంది. వెళ్లిపోయింది ఉపగ్రహం ఒక్కటే.

ఇక స్ట్రీమింగ్ విషయానికి వస్తే, దాని గెలుపు మీద వాదించవలసిందేమీ లేదు. టీవీ వీక్షణను కొలిచే నీల్సన్ సంస్థ లెక్కల ప్రకారం అమెరికాలో 2025 మే నెలలో టీవీ తెర మీద గడిపిన సమయంలో స్ట్రీమింగ్ వాటా 44.8 శాతానికి చేరి, సాధారణ ప్రసార ఛానళ్లు, కేబుల్ రెండూ కలిసిన వాటాను తొలిసారి దాటింది. కావలసింది కావలసినప్పుడు చూసే వీలు, పాత కార్యక్రమాల నిల్వ, ఏ తెర మీదనైనా పనిచేసే సౌలభ్యం, గట్టి వాన పడితే సిగ్నల్ పోయే బెడద లేకపోవడం, ఇవన్నీ నిజమైన లాభాలే. సినిమాలు, ధారావాహికలు ఇక ఆకాశమార్గానికి తిరిగి వస్తాయని నేను అనుకోవడం లేదు, రావాలని కోరుకోవడమూ లేదు.

నా ఆలోచన అంతా లక్షలాది మంది ఒకే క్షణంలో ఒకే దృశ్యాన్ని చూసే సందర్భాల గురించి. ఉపగ్రహం ఒక్కసారే పంపుతుంది. ఆ కిరణం పడే ప్రాంతంలో డిష్ ఉన్నవాళ్లు ఒక్కరైనా, కోటిమందైనా ఉపగ్రహంలో సిగ్నల్‌ను అందుకుని తిరిగి భూమికి పంపే ట్రాన్స్‌పాండర్‌కు తేడా తెలియదు. స్ట్రీమింగ్‌లో సాధారణంగా ఒక్కొక్క ప్రేక్షకుడికీ ఒక్కొక్క ప్రవాహం విడిగా బయలుదేరుతుంది. సెకనుకు 5 మెగాబిట్ల నాణ్యతతో కోటిమంది ఒక మ్యాచ్ చూస్తున్నారనుకుందాం. అందరికీ కలిపి సెకనుకు 50 టెరాబిట్లు, అంటే 5 కోట్ల మెగాబిట్లు ప్రవహించాలి. అదే మ్యాచ్‌ను అదే నాణ్యతతో ప్రసారం చేయడానికి ఉపగ్రహానికి అవే 5 మెగాబిట్లు చాలు. ఈ భారాన్ని మోయడానికి స్ట్రీమింగ్ సంస్థలు ప్రేక్షకులకు వీలైనంత దగ్గరగా, ఇంటర్నెట్ సంస్థల ప్రాంగణాల్లోనే సర్వర్లు పెట్టి, ఎంతో ప్రతిభావంతమైన పంపిణీ వ్యవస్థలను నిర్మించుకున్నాయి. 2023 నవంబరు 19న జరిగిన క్రికెట్ ప్రపంచ కప్ ఫైనల్‌ను డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో గరిష్ఠంగా 5.9 కోట్ల మంది చూడగలిగారంటే ఆ ఇంజనీర్లను మెచ్చుకోవలసిందే. ఏడాది తర్వాత మైక్ టైసన్, జేక్ పాల్‌ల బాక్సింగ్ పోటీని నెట్‌ఫ్లిక్స్ ప్రసారం చేసినప్పుడు ఏకకాలంలో నడిచిన స్ట్రీములు 6.5 కోట్లకు చేరాయని ఆ సంస్థ తెలిపింది. ఆ రాత్రే ఎందరో ప్రేక్షకులు ఆగి ఆగి నడిచిన దృశ్యాలతో విసిగిపోయారు. చూసేవారు పెరిగేకొద్దీ భారం పెరిగే పద్ధతికి ఈ పరీక్ష ప్రతి పెద్ద సందర్భంలోనూ ఎదురవుతూనే ఉంటుంది. ఆలస్యం సంగతి కూడా చెప్పుకోవాలి. ఉపగ్రహానికి వెళ్లి రావడానికి సిగ్నల్‌కు పట్టేది పావు సెకను. దృశ్యాన్ని కుదించే కంప్రెషన్ వంటి ప్రక్రియలు మరికొన్ని సెకన్లు తీసుకుంటాయి. దృశ్యాన్ని చిన్నచిన్న ముక్కలుగా పంపే స్ట్రీమింగ్‌లో ఇరవై, ముప్ఫై సెకన్ల వెనుకబాటు సర్వసాధారణం. దాన్ని తగ్గించే పద్ధతులు వచ్చినా అన్నిచోట్లా అమలు కాలేదు.

ఈ లెక్కే తిరగబడినప్పుడు ఉపగ్రహానికి ప్రమాదం అవుతుంది. ఎంతమంది చూసినా ఖర్చు పెరగదన్న మాట నిజమే గాని, ఎంతమంది మానేసినా ఖర్చు తగ్గదన్నదీ అంతే నిజం. చందాదారులు సగానికి పడిపోయినా ఉపగ్రహం అద్దె సగం కాదు. మిగిలిన వారి మీద భారం పెరుగుతుంది, అందులో మరికొందరు మానేస్తారు, ట్రాన్స్‌పాండర్లను అద్దెకు తీసుకునే ఛానళ్లు తగ్గుతాయి, కొత్త ఉపగ్రహానికి పెట్టుబడి దొరకదు. ఉపగ్రహాలను నడిపే సంస్థలు ఈ దారిని ఎప్పుడో పసిగట్టాయి. వాటిలో ఒకటైన ఎస్‌ఈఎస్, అటువంటిదే మరో సంస్థ ఇంటెల్‌శాట్‌ను 310 కోట్ల డాలర్లకు సొంతం చేసుకునే ఒప్పందాన్ని 2025 జూలైలో పూర్తిచేసింది. టెలివిజన్ ఆదాయం క్షీణిస్తున్న కాలంలో డేటా సేవల వైపు మళ్లడమే ఆ కలయికలోని ప్రధాన ఉద్దేశం. అంతకు ముందే అమెరికాలో ఉపగ్రహ ప్రసారాలు వాడుకునే సీ-బ్యాండ్ తరంగాల్లోని పెద్ద భాగాన్ని 5జీ కోసం వేలం వేయగా 8,100 కోట్ల డాలర్లు వచ్చాయి. మిగిలిన ఇరుకైన భాగంలో ప్రసారాలను సర్దడానికి అప్పట్లో అనేక కొత్త ఉపగ్రహాలకు ఆర్డర్లు వెళ్లాయి. ప్రసార రంగం నుంచి ఒకేసారి అన్ని ఆర్డర్లు రావడానికి ఆ రంగం చేతిలోని తరంగాలను తీసివేయడమే కారణం కావడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఉపగ్రహాలు మాత్రం తగ్గడం లేదు, కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తునే తిరుగుతూ ఇంటర్నెట్ అందించే స్టార్‌లింక్ ఉపగ్రహాలు వేల సంఖ్యలో ఉన్నాయి. కాబట్టి ఇంటి మీద డిష్ రూపం మార్చుకుని నిలిచే అవకాశం ఉంది. దాని గుండా వచ్చేది ఇంటర్నెట్, ఆ ఇంటర్నెట్ మీద స్ట్రీమింగ్. ఇక్కడే ఒక వింత జరుగుతుంది. ఒకే ప్రాంతంలోని వెయ్యి ఇళ్లు ఒకే మ్యాచ్ చూస్తుంటే, ఆకాశం నుంచి అదే దృశ్యం వెయ్యిసార్లు విడివిడిగా దిగాలి. ఒక్కసారి పంపితే అందరికీ చేరే సౌకర్యం ఉన్న చోటనే ఆ సౌకర్యాన్ని వదులుకోవడం ఇది.

ఉపగ్రహ ప్రసారానికి ఉన్న మరో గుణం గురించి చాలా తక్కువ మంది మాట్లాడుతున్నారు. డిష్ వినడమే తప్ప తిరిగి మాట్లాడదు. ఇంటర్నెట్‌తో ముడిపడని ఒక మామూలు రిసీవర్‌లో ఉచిత ఛానల్ చూస్తున్న మనిషి ఏం చూశాడో, ఎక్కడ ఆపాడో, ఏ వార్త దగ్గర ఎంతసేపు నిలిచాడో పంపినవారికి తెలిసే మార్గమే లేదు. పేరు చెప్పకుండా, ఖాతా తెరవకుండా, ఎవరి అనుమతీ లేకుండా వార్తలు తెలుసుకునే హక్కును ఈ ఒకవైపు ప్రసారం ఎటువంటి చట్టం అవసరం లేకుండానే కాపాడింది. స్ట్రీమింగ్‌లో ఆ రక్షణ పూర్తిగా సంస్థ ఇచ్చే మాట మీద ఆధారపడి ఉంటుంది. నా దృష్టిలో ఇది చిన్న నష్టం కాదు.

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2024లో వేసిన అంచనా ప్రకారం అప్పటికి ఇంకా 260 కోట్ల మంది ఇంటర్నెట్‌కు వెలుపలే ఉన్నారు. ఇంటర్నెట్ ఉన్నవాళ్లకూ అది ఎప్పుడూ నిలకడగా ఉంటుందన్న భరోసా లేదు. 2022 జనవరిలో అగ్నిపర్వతం పేలినప్పుడు టోంగాను ప్రపంచంతో కలిపే సముద్రగర్భ కేబుల్ తెగిపోయింది, బాగుచేయడానికి ఐదు వారాలు పట్టింది, అంతవరకు ఉపగ్రహ సంబంధాలే ఆ దేశానికి దిక్కయ్యాయి. భూకంపం, తుఫాను వంటి విపత్తుల్లో టవర్లు కూలి, ఫైబర్ తెగినా కరెంటుకు ఒక చిన్న జనరేటరు, దిశ తప్పని ఒక డిష్ ఉంటే హెచ్చరికలు అందుతాయి. ఆ సమయంలో ఎంతమంది ఒక్కసారిగా టీవీ పెట్టినా ప్రసారం కుప్పకూలదు.

సాంకేతికంగా చూస్తే దారులు మూసుకుపోలేదు. డిజిటల్ టీవీ ప్రసారాలకు వాడే డీవీబీ ప్రమాణాలను రూపొందించే సంస్థ ఇప్పుడు ఇంటర్నెట్ ప్యాకెట్ల రూపంలోనే ఉపగ్రహం ద్వారా ప్రసారం చేసే డీవీబీ-ఎన్‌ఐపీ ప్రమాణాన్ని సిద్ధం చేసింది. దృశ్యం ఆకాశం నుంచి ఒక్కసారి దిగి, ఇంట్లోనో, ఊరికి దగ్గరలోని సర్వర్‌లోనో చేరి, అక్కడి నుంచి మామూలు యాప్‌లో కనిపిస్తుంది. చూసేవారికి అది ఏ దారిన వచ్చిందో తెలియవలసిన పనిలేదు. ఆయుష్షు పొడిగించే మార్గమూ వచ్చింది. 2020 ఫిబ్రవరిలో ఎంఈవీ-1 అనే వ్యోమనౌక, ఇంధనం తరిగిపోయిన ఇంటెల్‌శాట్-901ను కక్ష్యలో పట్టుకుని దానికి మరో ఐదేళ్ల సేవాకాలాన్ని ఇచ్చింది. కొత్త ఉపగ్రహానికి ధైర్యం చేయలేని సంస్థలకు ఇటువంటి పొడిగింపులు ఆలోచించుకునే వ్యవధినిస్తాయి.

నేను కోరుకునేది వందల ఛానళ్ల పాత వైభవం తిరిగి రావాలని కాదు. అధునాతన కంప్రెషన్‌తో కొద్దిపాటి ట్రాన్స్‌పాండర్లలోనే వార్తలు, విద్య, విపత్తు హెచ్చరికలు, దేశమంతా కలిసి చూసే క్రీడలు సులువుగా ఇముడుతాయి. వాటిని ఎన్‌క్రిప్షన్ (సంకేత తాళం) లేకుండా, చందా లేకుండా ప్రసారం చేయాలి. ఆ ఖర్చును లాభనష్టాల లెక్క నుంచి బయటకు తీసి, రోడ్లకూ వాతావరణ ఉపగ్రహాలకూ ఇచ్చినట్టే ప్రజాధనంతో భరించాలి. బ్రిటన్ ప్రభుత్వం నేల మీది టవర్ల ద్వారా అందే భూతల డిజిటల్ టీవీని కనీసం 2034 వరకు కొనసాగిస్తామని తేదీతో సహా హామీ ఇచ్చింది. ఉచిత ఉపగ్రహ ప్రసారం మీద జనం ఆధారపడిన ప్రతి దేశంలోనూ నియంత్రణ సంస్థలు అదేవిధంగా ఒక తేదీ ప్రకటించాలి, ఆ తేదీ తర్వాత ఏమవుతుందో తేల్చడానికి ప్రజల అభిప్రాయం అడగాలి, ఇప్పుడున్న ఉపగ్రహాల గడువు తీరకముందే వాటి స్థానంలో వచ్చేదానికి నిధులు కేటాయించాలి.