ఇంటర్వ్యూకి ముందు రెండు సాయంత్రాలు కిరాణా కొట్లో

బెంగళూరులో మా పీజీ హాస్టల్లో కొత్తగా చేరిన అనంతపురం అమ్మాయి నిన్న రాత్రి అన్నం తింటూ "అక్కా, స్టార్టప్ ఇంటర్వ్యూకి ఏం చదవాలి?" అని అడిగింది. నేను చెప్పడం మొదలుపెడితే పదకొండయింది. మారతహళ్ళిలో ఏ పీజీ తలుపు తట్టినా ఇదే ప్రశ్నతో తిరిగే మనవాళ్ళు నలుగురు దొరుకుతారు కాబట్టి, తనకు చెప్పిందంతా ఇక్కడ కూడా రాస్తున్నాను.

ముందు నాకు ఉద్యోగం రాని ఇంటర్వ్యూ గురించి. అప్పటికి ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ సర్వీస్ కంపెనీలో మూడేళ్ళు చేశాను. కోరమంగలలో ఒక స్టార్టప్ పిలిస్తే నెల రోజులు రాత్రిళ్ళు కూర్చుని కోడింగ్‌లో అడిగే ట్రీలు, గ్రాఫులు, ఒక యాప్ లోపల ఎలా కట్టాలో ఆలోచించే సిస్టమ్ డిజైన్ అన్నీ చదివాను, కోడింగ్ రౌండ్లు రెండూ బాగానే అయ్యాయి. చివరిది కంపెనీ పెట్టిన ఫౌండర్‌తో. ఆయన అడిగింది ఒక్కటే: "మా యాప్ వాడారు కదా, ఎక్కడ చిరాకేసింది?" ముందురోజు రాత్రి డౌన్‌లోడ్ చేసి పైపైన చూశానంతే. "చాలా బాగుంది సార్" అన్నాను. ఆయన ముఖంలో ఆసక్తి అక్కడే పోయింది, నాకు కనిపిస్తూనే ఉంది. మర్యాదకి ఇంకో రెండు ప్రశ్నలు అడిగి పంపించేశారు. సిల్క్ బోర్డ్ దగ్గర 500డి బస్సెక్కి మారతహళ్ళి దాకా నిలబడి వస్తూ ఆ ఒక్క ప్రశ్నే తలచుకున్నాను. పెద్ద కంపెనీలో పని ఎవరో ముక్కలు చేసి మన చేతికిస్తారు. ఇరవై మంది ఉన్న చోట ఏ పని చేయాలో కనిపెట్టడం కూడా మన పనే, ఆయన చూసింది అదే.

ఆరు నెలలకు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి ఇంకో మెయిల్ వచ్చింది. చిన్న కొట్లవాళ్ళు అరువు పద్దులు ఫోన్‌లో రాసుకునే యాప్ తయారుచేసే కంపెనీ. వారం టైం ఉంది. ఈసారి లాప్‌టాప్ తెరవలేదు, మా వీధి చివర ప్రొవిజన్ స్టోర్‌కి వెళ్ళాను. ఆ బాబాయ్‌ది పుంగనూరు, వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. సాయంత్రం రెండు గంటలు ఇక్కడ కూర్చుంటానంటే "ఏమ్మా, ఉద్యోగం మానేసి నా కొట్లో చేరతావా?" అని నవ్వి, గుడ్ల ట్రేలు పక్కకి జరిపి స్టూల్ వేశాడు.

ఏడు నుంచి తొమ్మిది దాకా ఆ మనిషి చేతులు ఒక్క క్షణం ఆగవు. ఒక చేత్తో పాల ప్యాకెట్లు అందిస్తాడు, ఇంకో చేత్తో చిల్లర, మధ్యలో యూపీఐ సౌండ్ బాక్స్ అరుస్తుంటే అది ఎవరి డబ్బో తల తిప్పకుండానే పోల్చుకుంటాడు. అరువు మాత్రం సిగరెట్ పెట్టె చింపిన అట్టముక్క మీద, దారంతో కట్టిన పెన్నుతో రాస్తాడు. బుల్లెట్ అన్న 85. ఇస్త్రీ మంజు 40. టీచరమ్మ పాలు రెండు. రాత్రి పదికి షట్టర్ సగం దించాక అట్టముక్క చూసి పొడుగు పుస్తకంలోకి ఎక్కిస్తాడు. ఆ కంపెనీ యాప్ ఆయన ఫోన్‌లో వేసి చూపించాను. కొత్త ఖాతా తెరవాలంటే అది ముందు ఫోన్ నంబర్ అడుగుతుంది, ఇవ్వకపోతే ముందుకు కదలదు. బాబాయ్ ఫోన్ నా చేతికిచ్చేసి "పాల ప్యాకెట్ అరువిచ్చి నంబర్ అడిగితే, నన్ను నమ్మట్లేదా అంటారమ్మా" అన్నాడు. రెండో రోజు నేనే లెక్కపెట్టాను: రెండు గంటల్లో 31 అరువులు, వాళ్ళలో బాబాయ్ దగ్గర నంబర్ ఉన్నది తొమ్మిది మందిది.

ఇంటర్వ్యూలో ఇదే చెప్పాను, అట్టముక్క ఫోటో కూడా చూపించాను. ఫౌండర్ లేచి బోర్డు దగ్గరికి వెళ్ళారు. బాకీ గుర్తుచేసే మెసేజ్ పంపాలంటే నంబర్ కావాలి కదా అన్నారు. పేరుతో మొదలుపెట్టనిచ్చి, బాకీ కొంత పెరిగాక నంబర్ అడగొచ్చు, అప్పుడు అడగడానికి కొట్టతనికీ ఒక కారణం ఉంటుంది అన్నాను. "మరి ఇద్దరు మంజులుంటే?" అన్నారు. సిస్టమ్ డిజైన్ అక్కడే మొదలైపోయింది. కస్టమర్‌ని ఫోన్ నంబర్‌తో కాకుండా మన సొంత ఐడీతో గుర్తించడం, తర్వాత నంబర్ వచ్చినప్పుడు రెండు ఖాతాలు ఒకరివే అని తేలితే కలపడం, నెట్ లేనప్పుడు రాసిన పద్దు రెండుసార్లు ఎక్కకుండా చూడడం. ఇరవై నిమిషాలన్నది గంట దాటింది. నేను చదివినవన్నీ పనికొచ్చాయి, కానీ బాబాయ్ కొట్టు వల్లే పనికొచ్చాయి.

కోడింగ్ ప్రాక్టీస్ వదిలేయమని కాదు, అది రాకపోతే ఈ మాట దాకా రానివ్వరు. ఇంటికిచ్చే అసైన్‌మెంట్‌లో ఏం వదిలేశారో, ఎందుకు వదిలేశారో ఒక పేజీ రాయండి. పాత ప్రాజెక్ట్ గురించి అడిగితే "మేం చేశాం" కాదు, మీరు చేసింది చెప్పండి.

ఇక మీరు వాళ్ళని అడగాల్సినవి. వీటికి మనవాళ్ళు మొహమాటపడతారు, నాకు నిజంగా బాధేస్తుంది. చేతిలో ఉన్న డబ్బు ఎన్ని నెలలకు సరిపోతుంది అని అడగండి, మంచి ఫౌండర్లు దాచరు. వెళ్ళేముందు కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో కంపెనీ పేరు కొడితే ఎప్పుడు పెట్టారో, డైరెక్టర్లెవరో ఉచితంగా కనిపిస్తుంది, 100 రూపాయలు కడితే దాఖలు చేసిన బ్యాలెన్స్ షీట్ కూడా చూడొచ్చు. సీటీసీలో, అంటే మన మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చులో, షేర్ ఆప్షన్లు (కంపెనీ షేర్లని ముందే చెప్పిన ధరకి తర్వాత కొనుక్కునే హక్కు) కలిపి చెబితే అవి తీసేసి నెలకి చేతికెంతో లెక్కేసుకోండి, చాలా చోట్ల కంపెనీ కట్టే పీఎఫ్ కూడా అందులోనే ఉంటుంది. ఆప్షన్లు సాధారణంగా నాలుగేళ్ళలో కొంచెం కొంచెంగా వస్తాయి, మొదటి ఏడాది నిండకముందే మానేస్తే ఏమీ రాదు. వాటిని షేర్లుగా మార్చుకున్న రోజు మనం కట్టిన ధరకీ అప్పటి విలువకీ తేడాని జీతంగా లెక్కగట్టి పన్ను వేస్తారు, ఒక్క షేర్ అమ్మకపోయినా సరే. కొన్ని గుర్తింపు పొందిన స్టార్టప్‌లలో ఆ పన్ను వాయిదా వేసే వీలు 2020 బడ్జెట్‌లో ఇచ్చారు, మీ కంపెనీ అందులో ఉందో లేదో అడగండి. ఉద్యోగం మానేశాక ఆప్షన్లని షేర్లుగా మార్చుకోవడానికి ఎన్ని రోజులిస్తారో కూడా. నేను ఇవన్నీ అడిగాను, ఆఫర్ వెనక్కి తీసుకోలేదు, ఇప్పుడు అక్కడే చేస్తున్నాను. నోటీస్ పీరియడ్ 90 రోజులుంటే మాత్రం మొదటి ఫోన్‌లోనే చెప్పేయండి, చివర్లో తెలిస్తే వాళ్ళకీ మీకూ కష్టం.

అనంతపురం అమ్మాయికి గురువారం ఇంటర్వ్యూ. పీజీల అద్దెలు వసూలు చేసే యాప్ కంపెనీ అట. ఇందాక కిందికి వెళ్తే మేనేజర్ అన్న టేబుల్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది, ఆయన అద్దె రిజిస్టర్‌లో ఎర్ర పెన్ను గీతలెందుకో అడిగి రాసుకుంటోంది.