ఎస్‌డీడీఎం థీమ్ లాగ్ 4: పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టాను, పదకొండు సార్లు

శనివారం రాత్రి తొమ్మిదీ నలభైకి మొదలుపెట్టిన పని పన్నెండుంబావుకి తేలింది. తేలాక పది నిమిషాలు కుర్చీలోంచి లేవలేదు. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు, ఎందుకంటే తప్పు చేసింది రెండేళ్ల కిందటి నేనే.

ఎస్‌డీడీఎం అంటే లినక్స్‌లో లాగిన్ స్క్రీన్ (గ్రీటర్) చూపించే ప్రోగ్రామ్. దానికి నేను రాసుకుంటున్న థీమ్ గురించే ఈ లాగ్. ముందు పని చేసినవి చెప్పేస్తాను. థీమ్ క్యూటీ6కి (తెర మీది పెట్టెలూ బటన్లూ గీసే లైబ్రరీకి కొత్త వెర్షన్) మారింది. మెటాడేటా ఫైల్లో క్యూటీ వెర్షన్ 6 అని ఒక్క లైను రాయడం, పాత గ్రాఫికల్ ఎఫెక్ట్స్ మాడ్యూల్ తీసేసి మల్టీఎఫెక్ట్ పెట్టడం, అంతే. తేదీ తెలుగులో వస్తోంది, "శనివారం" అని నిండుగా. గడియారానికి రామభద్ర ఫాంటు, పేర్లకి మండలి. (ఫాంట్లు హోమ్ ఫోల్డర్లో పెడితే గ్రీటర్‌కి కనిపించవు, అది ఎస్‌డీడీఎం అనే వేరే యూజర్ కింద నడుస్తుంది. అందరికీ కనిపించే యూఎస్ఆర్ షేర్ ఫోల్డర్ కిందే పెట్టాలి. కిందటి వారం దీనికే గంట పోయింది.)

ఈ వారం అనుకున్నది గ్రీటర్‌ని ఎక్స్11 నుంచి వేలాండ్‌కి మార్చడం (రెండూ లినక్స్‌లో కిటికీల్ని తెర మీద చూపించే పద్ధతులు, ఎక్స్11 పాతది). ఎస్‌డీడీఎం 0.20లో ఈ సౌకర్యం ప్రయోగాత్మకంగా వచ్చింది, 2023లో. ఫెడోరా లినక్స్‌లో కేడీఈ డెస్క్‌టాప్ వాళ్లు అదే ఏడాది 38వ వెర్షన్‌లోనే దాన్ని డిఫాల్ట్ చేసేశారు. నా ఆర్చ్ లినక్స్ మెషీన్‌లో మాత్రం ఇంకా ఎక్స్11తోనే లాక్కొస్తున్నాను. డెస్క్‌టాప్ అంతా వేలాండ్ అయిపోయాక ఒక్క లాగిన్ స్క్రీన్ కోసం ఎక్స్ సర్వర్‌ని పోషించడం దేనికి? 0.21లో క్యూటీ6 కూడా వచ్చేసింది కదా, ఇక సాకు లేదు.

సెట్టింగులు మూడే. డిస్‌ప్లే సర్వర్ దగ్గర వేలాండ్, గ్రీటర్ ఎన్విరాన్‌మెంట్ దగ్గర లేయర్ షెల్, కంపోజిటర్ (కిటికీలన్నీ కలిపి తెర మీద గీసే ప్రోగ్రామ్) కమాండ్ దగ్గర వెస్టన్ బదులు కేడీఈ సొంత కేవిన్. వెస్టన్ మీద నాకు కోపమేం లేదు గానీ, రోజంతా కేవిన్ వాడేవాడికి మానిటర్ సెట్టింగులు రెండు చోట్ల పెట్టుకోవడం విసుగు. కేవిన్‌కి ఇచ్చే ఆప్షన్లలో రెండు గుర్తుపెట్టుకోండి, తర్వాత అవే ముంచాయి. ఒకటి నో గ్లోబల్ షార్ట్‌కట్స్, రెండోది లొకేల్1.

రీబూట్ చేశాను. గ్రీటర్ వచ్చింది. నిలువుగా పెట్టిన రెండో మానిటర్ మాత్రం అడ్డంగా చూపిస్తోంది. ఇది ఊహించిందే, లోపలికెళ్లి సరిచేద్దాంలే అనుకుని పాస్‌వర్డ్ కొట్టాను. లాగిన్ ఫెయిల్డ్. తొందరలో తప్పు కొట్టి ఉంటానని మళ్లీ కొట్టాను. ఫెయిల్డ్. మూడోసారి ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాను. ఫెయిల్డ్. నాలుగోసారీ అంతే.

ఐదో ప్రయత్నం టీటీవైలో, అంటే బొమ్మల్లేని టెక్స్ట్ లాగిన్ తెరలో. కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 నొక్కి అదే పాస్‌వర్డ్ ఇచ్చాను. అక్కడా తిరస్కారమే! ఇక్కడ నిజంగా టెన్షన్ పట్టుకుంది. పాస్‌వర్డే మర్చిపోయానా? ఎవరైనా మార్చారా? పక్క గదిలోంచి నాన్న వచ్చి "ఒరేయ్, నా పని అయ్యాక నీ ప్రయోగాలు చేసుకోరాదూ" అంటూ కూర్చుని, ఎస్‌డీడీఎంలో తన పేరు నొక్కి, తన పిన్ కొట్టారు. తెరుచుకుంది. ఆయన తన ఫైలు సేవ్ అయిందో లేదో చూసుకుని లేచి వెళ్లిపోయారు. నాకు మాత్రం తల తిరిగింది. మెషీన్ బాగుంది, గ్రీటర్ బాగుంది, థీమ్ బాగుంది. ఒక్క నా అకౌంటే బాగాలేదు.

టీటీవై కూడా ఎందుకు తన్నిందో తెలియడానికి అరగంట పట్టింది. అది పామ్ (లినక్స్‌లో పాస్‌వర్డ్ సరిచూసే వ్యవస్థ) ఫెయిల్‌లాక్ పని. ఆర్చ్‌లో మామూలుగానే ఉంటుంది: పావుగంటలోపు మూడుసార్లు తప్పితే అకౌంటు 600 సెకన్లు లాక్. నాలుగోసారీ ఐదోసారీ నేను సరిగ్గా కొట్టినా కొట్టకపోయినా ఒకటే. పైగా ఆ లెక్క రన్ ఫోల్డర్లో, అంటే ర్యామ్‌లో ఉంటుంది. రీబూట్ చేస్తే చెరిగిపోతుంది. నేను రీబూట్ చేసి నేరుగా టీటీవైకి వెళ్లాను, లోపలికి పోయాను. అది చూసి "అప్పుడప్పుడు పనిచేస్తోంది, అప్పుడప్పుడు చేయడం లేదు" అని ఒక తప్పుడు నిర్ణయానికి వచ్చాను. ఫెయిల్‌లాక్ ఇంటి కంప్యూటర్లకి ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. దొంగ కంటే ముందు ఇంటి యజమానే బయట ఉండిపోతాడు. జర్నల్‌లో, అంటే సిస్టమ్ లాగ్‌లో, వరుస వైఫల్యాల వల్ల అకౌంటు తాత్కాలికంగా లాక్ అయిందని స్పష్టంగా రాసే ఉంది. గ్రీటర్ ఆ మాట చెప్పదు, అన్నిటికీ ఒకటే "లాగిన్ ఫెయిల్డ్". నా థీమ్ కూడా అంతే, నేను రాసిందే కదా.

అప్పటి నుంచి పద్ధతి మార్చాను. గ్రీటర్‌లో రెండుసార్లకి మించి ప్రయత్నించకుండా, మధ్యలో టీటీవైలో ఒకసారి లాగిన్ అయ్యాను. సరైన లాగిన్ పడితే ఫెయిల్‌లాక్ లెక్క సున్నా అవుతుంది. ఆరు, ఏడు ప్రయత్నాలు ఎస్‌డీడీఎంలో, రెండూ పోయాయి. వెంటనే టీటీవైలో అదే పాస్‌వర్డ్, తెరుచుకుంది. ఇప్పుడు కేసు శుభ్రమైంది. టీటీవైలో ఎప్పుడూ పడుతుంది, ఎస్‌డీడీఎంలో ఎప్పుడూ పడదు, నాన్నకి మాత్రం ఎస్‌డీడీఎంలోనే పడుతుంది.

మొదటి అనుమానం నా క్యూఎంఎల్ (థీమ్ రాసిన భాష) మీద. యూజర్ల లిస్టులో ఇండెక్స్ ఒకటి అటూ ఇటూ అయి, నా పాస్‌వర్డ్‌ని నాన్న పేరు మీద పంపుతున్నానేమో? లాగిన్ ఫంక్షన్ పిలిచే ముందు యూజర్ పేరు, పాస్‌వర్డ్ పొడవు జర్నల్‌లోకి ప్రింట్ చేయించాను. పాస్‌వర్డే ప్రింట్ చేయించలేదు, జర్నల్‌లో అది ఉండిపోవడం మంచిది కాదని. ఎనిమిదో ప్రయత్నం: పేరు నాదే, పొడవు 12. నా పాస్‌వర్డ్ సరిగ్గా పన్నెండు అక్షరాలు. కీలు మింగేయడం లేదు, రెండేసి పడటం లేదు. (ఆ జాగ్రత్త మానేసి పాస్‌వర్డ్ ప్రింట్ చేయించి ఉంటే అక్కడే అయిపోయేది.) టెస్ట్ మోడ్‌లో కూడా నడిపి చూశాను, పెట్టెలో అక్షరాలు చక్కగా పడుతున్నాయి. టెస్ట్ మోడ్‌ని నమ్మడం ఈ రాత్రి చేసిన రెండో పెద్ద తప్పు. అది నా సెషన్ లోపల, నా కీబోర్డ్ సెట్టింగుతో నడుస్తుంది. అసలు గ్రీటర్ ఉండే వాతావరణం వేరు.

రెండో అనుమానం పామ్ ఫైలు. టీటీవై వాడే లాగిన్ ఫైలుకీ ఎస్‌డీడీఎం ఫైలుకీ తేడా చూస్తే కేవాలెట్ (కేడీఈ పాస్‌వర్డ్‌లు దాచుకునే చోటు) లైన్లు తప్ప చెప్పుకోదగ్గది లేదు. వాటిని కామెంట్ చేసి తొమ్మిదో ప్రయత్నం. ఫెయిల్డ్. కామెంట్లు తీసేశాను.

పదోది: డిస్‌ప్లే సర్వర్‌ని తిరిగి ఎక్స్11కి మార్చాను. మొదటి దెబ్బకే లోపలికి! అంటే దోషం వేలాండ్ వైపు. ఇక్కడ మనసు ఎక్కడెక్కడికో పోయింది. టెక్స్ట్ ఇన్‌పుట్ ప్రోటోకాలా, కేవిన్ బగ్గా, ఈ పాత ఐ5 మెషీన్‌లోని గ్రాఫిక్స్ డ్రైవరా. డ్రైవర్‌కీ పాస్‌వర్డ్‌కీ ఏం సంబంధమని పగలైతే అడిగేవాణ్ణి, రాత్రి పదకొండున్నరకి అడగలేదు.

పదకొండోది వేలాండ్‌లో, నా థీమ్ తీసేసి కేడీఈ వాళ్ల బ్రీజ్ థీమ్ పెట్టి. ఇందులో పాస్‌వర్డ్ పెట్టె చివర చిన్న కన్ను బొమ్మ ఉంటుంది. నా థీమ్‌లో దాన్ని "అందం చెడుతుంది" అని మొదటి వారంలోనే తీసేశాను. పాస్‌వర్డ్ కొట్టి, ఎంటర్ నొక్కి, ఫెయిల్డ్ చూసి, మళ్లీ కొట్టి, ఈసారి ఎంటర్ బదులు కన్ను నొక్కాను.

పెట్టె నిండా తెలుగు అక్షరాలు.

ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డ్ లేఅవుట్ తెలిసినవాళ్లకి అర్థమవుతుంది. ఉదాహరణకి ఇంగ్లిష్ అక్షరాల్లో హంపి అని కొడితే "పోసజగ" అని పడుతుంది. ఒక కీకి ఒక అక్షరం, అందుకే పొడవు పన్నెండుకి పన్నెండు సరిపోయింది. చుక్కల వెనక లిపి ఏదో పొడవు చెప్పదు.

ఆ తర్వాత లెక్క మొత్తం వెనక్కి చదువుకున్నాను. నాన్న రిటైరయ్యాక మా ఊరి చరిత్ర టైపు చేస్తున్నారు, అంతా ఇన్‌స్క్రిప్ట్‌లోనే. ఆయన కోసం మెషీన్ స్థాయిలోనే తెలుగు మొదట, ఇంగ్లిష్ తర్వాత అని లేఅవుట్ పెట్టింది నేనే. కేవిన్‌కి ఇచ్చిన లొకేల్1 ఆప్షన్ చేసే పని ఆ మెషీన్ స్థాయి లేఅవుట్‌ని సిస్టమ్‌డీ (మెషీన్ సర్వీసులన్నీ నడిపే ప్రోగ్రామ్) దగ్గర అడిగి తెచ్చుకోవడమే. అది విధేయంగా తెలుగుతో మొదలైంది. డెస్క్‌టాప్‌లో నేను లేఅవుట్ మార్చే మెటా ఆల్ట్ కే ఇక్కడ పనిచేయదు, నో గ్లోబల్ షార్ట్‌కట్స్ ఆపేసింది. టీటీవైకి కన్సోల్ కీమ్యాప్ వేరేగా ఉంటుంది, అది ఇంగ్లిష్. మరి నాన్నకి ఎలా తెరుచుకుంది? ఆయన పిన్ అంకెలు, అవీ కుడిపక్క నంప్యాడ్ మీద. నంలాక్ నొక్కుకుని కొడతారు. లేఅవుట్ ఏదైనా నంప్యాడ్‌కి సంబంధం లేదు.

ఒక్కటి మిగిలింది. అదే తెలుగు లేఅవుట్ ఉండగా రెండేళ్లపాటు ఎక్స్11లో ఎలా పడింది? ఎస్‌డీడీఎం స్క్రిప్టుల ఫోల్డర్లో ఎక్స్‌సెటప్ తెరిచాను. అందులో నా చేత్తో రాసినవి రెండు లైన్లు. మొదటిది నిలువు మానిటర్ తిప్పే ఎక్స్‌ర్యాండర్. రెండోది కీబోర్డుని ఇంగ్లిష్‌కి మార్చే సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్, పక్కనే కామెంటు: "నాన్న లేఅవుట్ వల్ల లాగిన్ పడటం లేదు, తాత్కాలికం". ఇదే రోగం రెండేళ్ల కిందట ఒకసారి పట్టుకుని, మందేసి, మర్చిపోయాను. ఎక్స్‌సెటప్ పేరులోనే ఉంది, అది ఎక్స్11కి మాత్రమే. వేలాండ్ గ్రీటర్ దాన్ని ముట్టుకోదు. మానిటర్ అడ్డంగా వచ్చినప్పుడే "ఎక్స్‌సెటప్ నడవలేదు కదా, అందులో ఇంకేముంది" అని తెరిచి చూడాల్సింది.

సవరణ రెండు నిమిషాలు. లొకేల్‌సీటీఎల్ కమాండ్‌తో మెషీన్ లేఅవుట్‌ని ఇంగ్లిష్ మొదట, తెలుగు తర్వాత అని మార్చాను, ఆల్ట్ షిఫ్ట్‌తో మారేలా. ఆల్ట్ షిఫ్ట్ కీమ్యాప్ లోపలి సంగతి కాబట్టి గ్రీటర్‌లోనూ పనిచేస్తోంది. నో కన్వర్ట్ అని చేర్చడం మరవకండి, లేకపోతే అది కన్సోల్ కీమ్యాప్‌ని కూడా కదిలిస్తుంది, అప్పుడు టీటీవై దారి కూడా మూసుకుపోవచ్చు. నాన్న ప్లాస్మా (కేడీఈ డెస్క్‌టాప్) సెషన్‌లో తెలుగు మొదట ఉండేలా ఆయన సొంత సెట్టింగులో పెట్టాను. రెండేళ్ల కిందటే అక్కడ పెట్టాల్సింది. నిలువు మానిటర్‌కి సిస్టమ్ సెట్టింగ్స్‌లో లాగిన్ స్క్రీన్ పేజీకి వెళ్లి ప్లాస్మా సెట్టింగులు వర్తింపజేస్తే సరిపోయింది.

వేగం సంగతి: ఫోన్ స్టాప్‌వాచ్‌తో మూడేసి సార్లు చూశాను. సర్వీసు మొదలుపెట్టిన దగ్గర్నుంచి పాస్‌వర్డ్ పెట్టె కనిపించేదాకా ఎక్స్11లో నాలుగు సెకన్లు, వేలాండ్‌లో ఐదున్నర. కేవిన్ బరువు మరి. రోజుకి ఒకసారి కాబట్టి పట్టించుకోను.

ఇంకా తెగనిది నంలాక్. ఎస్‌డీడీఎం సెట్టింగులో నంలాక్ ఆన్ అని ఎప్పటి నుంచో ఉంది, వేలాండ్ గ్రీటర్‌లో ఏమీ చేయడం లేదు. ఎక్స్11లో అది దానంతట వెలిగేది. "ఇదివరకు ఈ లైటు వెలిగే ఉండేది కదరా" అని ఆదివారం పొద్దున్నే నాన్న అడిగారు. కేవిన్ తన ఇన్‌పుట్ సెట్టింగుల ఫైల్లో నంలాక్ విలువ చూసుకుంటుంది, సున్నా అంటే ఆన్. దాన్ని ఎస్‌డీడీఎం యూజర్ కాన్ఫిగ్ ఫోల్డర్లో పెట్టి చూడాలి. ఆ ఫైలు ఓనర్‌షిప్ ఎస్‌డీడీఎం పేరు మీదే ఉండేలా చూసుకోవాలి.

వచ్చే వారానికి: కన్ను బొమ్మ మళ్లీ పెడుతున్నాను, అందం సంగతి తర్వాత. లేఅవుట్ గుర్తు కూడా కావాలి. వేలాండ్‌లో ఎస్‌డీడీఎం నా థీమ్‌కి ఇచ్చే లేఅవుట్ల లిస్టు ఖాళీగా వస్తోంది, కాబట్టి అడ్డదారి ఆలోచించాను. పెట్టెలో పడిన మొదటి అక్షరం తెలుగు యూనికోడ్ పరిధిలో, అంటే 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ మధ్య ఉంటే కింద "తెలుగులో కొడుతున్నారు, ఆల్ట్ షిఫ్ట్ నొక్కండి" అని చూపించడం. క్యూఎంఎల్‌లో నాలుగు లైన్ల పని. ఫెయిల్డ్ అన్నప్పుడు ఎన్నోసారో కూడా లెక్క చూపిస్తాను, మూడోసారికి పది నిమిషాల హెచ్చరికతో.

అసలు ఈ థీమ్ మీద ఇంకెంత సమయం పెట్టాలన్నది వేరే ప్రశ్న. కేడీఈ వాళ్లు ఎస్‌డీడీఎంని ఫోర్క్ చేసి (కోడ్ కాపీ తీసుకుని విడిగా నడిపి) ప్లాస్మా లాగిన్ మేనేజర్ అని సొంతంగా తెచ్చారు, ప్లాస్మా 6.6తో. దానికి సిస్టమ్‌డీ తప్పనిసరి, నాకు ఇబ్బంది లేదు. ఎస్‌డీడీఎం థీమ్‌లు దానికి ఎక్కవు, అదే ఇబ్బంది. రామభద్ర గడియారం, తెలుగు వారం పేరు వదులుకోవాలి. గ్రీట్‌డీ అని ఇంకో లాగిన్ ప్రోగ్రామ్ ఉంది, చిన్నది, రస్ట్ భాషలో రాసింది, కానీ నాన్న ముందు టెక్స్ట్ స్క్రీన్ పెట్టే ధైర్యం నాకు లేదు. అమ్మ లాప్‌టాప్‌లో లినక్స్ మింట్ ఉంది, దాని లాగిన్ స్క్రీన్ లైట్‌డీఎం, స్లిక్ గ్రీటర్. ఇన్నేళ్లలో దాని గురించి ఒక్కసారి కూడా ఆలోచించాల్సిన అవసరం రాలేదు, అందుకే దాని మీద నాకు ఆసక్తీ లేదు. ముందు నంలాక్ లైటు వెలిగించాలి, ఆదివారం లోపు.