గుంపు ఉండగానే ఆగాలి: స్ట్రెయిట్ పూల్‌లో సేఫ్టీ పాఠాలు

పోయిన చలికాలంలో ఒక శనివారం రాత్రి, న్యూజెర్సీలో మా ఇంటికి దగ్గర ఉన్న పూల్ హాలులో, స్ట్రెయిట్ పూల్ అనే బిలియర్డ్స్ తరహా బల్ల ఆటలో, 100 పాయింట్ల పందెంలో, నా స్కోరు చూస్తుండగానే 23 నుంచి 5కు పడిపోయింది. వరసగా మూడు ఫౌళ్లు చేశాను. మొదటి రెండింటికి ఒక్కో పాయింటు పోయింది. మూడోదానికి ఆ ఒక పాయింటుతో పాటు నిబంధన ప్రకారం మరో 15 పోయాయి. ఆ మూడు దఫాల్లో నేను ఒక్క బంతిని కూడా పాకెట్‌లో వేయబోలేదు కాబట్టి గురి తప్పిందని అనుకోవడానికి వీల్లేదు. నాకు తెలియనిది గురి కాదనీ, రక్షణాత్మకంగా ఆడే సేఫ్టీ అనీ ఆ రాత్రే అర్థమైంది.

ఈ ఆట తెలియనివారి కోసం నాలుగు మాటలు. బల్ల మీద 15 బంతులు ఉంటాయి, ఏ బంతిని ఏ పాకెట్‌లో వేస్తున్నామో ముందుగా చెప్పి వేయాలి, పడిన ప్రతి బంతికీ ఒక పాయింటు. పద్నాలుగు బంతులు పడ్డాక పదిహేనోదాన్ని ఉన్నచోటే ఉంచి, మిగతా 14ను మళ్లీ ర్యాక్ అనే త్రికోణపు చట్రంలో గుంపుగా పేరుస్తారు. ఆటగాడు మిగిలిన ఆ ఒక్క బంతిని పాకెట్‌లో వేస్తూనే, క్యూ కర్రతో కొట్టే తెల్ల బంతితో ఆ గుంపును చెదరగొట్టి ఆట కొనసాగిస్తాడు. ఈ ఆటకు 14.1 అనే మరో పేరు అలా వచ్చిందే. ఈ పద్ధతిని 1910 ప్రాంతంలో జెరోమ్ కియో అనే ఆటగాడు సూచించాడు. అంతకు ముందు 15 బంతులనూ మళ్లీ పేర్చి ఆడేవారు. అప్పుడు గుంపును విప్పాల్సిన ఆటగాడు ఎదుటివాడికి అవకాశం ఇస్తానేమోనని జాగ్రత్తగానే కొట్టేవాడు. ఆ ఒక్క బంతిని బయట ఉంచడంతో దాడికి దారి తెరుచుకుంది. అయినా ప్రతి ఆటా సేఫ్టీతోనే మొదలవుతుందనేది నాకు చాలా ఇష్టమైన విషయం.

హైదరాబాదులో చదువుకునే రోజుల్లో నేను స్నూకర్ ఆడాను. అక్కడ సేఫ్టీ అంటే తెల్ల బంతిని వెనక్కి తెచ్చి, ఏదో ఒక రంగు బంతి చాటున దాచి, ఎదుటివాడికి ఎర్ర బంతి సూటిగా తగలకుండా చేయడం. స్ట్రెయిట్ పూల్‌కు ఆ అలవాటు పనికిరాదని తెలుసుకోవడానికి నాకు నెలలు పట్టింది. ఇక్కడ ఫలానా బంతినే ముందు తాకాలనే నియమం లేదు, పదిహేనింటిలో ఏది తగిలినా చెల్లుతుంది. కాబట్టి తెల్ల బంతిని దాచడం వల్ల పెద్దగా లాభం లేదు. ఎదుటివాడికి పాకెట్‌లో పడే బంతి ఒక్కటి కూడా లేకుండా చేయడమే పని. పైకి చిన్న తేడాలా కనిపించినా, బల్లను చూసే చూపునే అది మార్చేస్తుంది.

ఆ మార్పు నాకు నేర్పింది ఆదివారం ఉదయాల్లో ఆ హాలుకు వచ్చే ఒక అమెరికన్ పెద్దాయన. వయసు డెబ్బై దాటింది, చిన్నప్పటి నుంచీ ఈ ఆటే ఆడుతున్నారు. మొదటి రోజు నా చేత ఒక్క షాటు కూడా కొట్టించలేదు. “క్యూ గోడకు ఆనించి, గుంపు చుట్టూ ఒకసారి నడిచి రా, పడే బంతి ఏదో చెప్పు,” అన్నారు. నాకు ఏదీ కనిపించలేదు. ఆయన వంగి, గుంపు అంచున ఒకదానికొకటి అంటుకుని ఉన్న రెండు బంతులను వేలితో చూపించారు. ఆ రెండింటి మధ్యబిందువులను కలుపుతూ గీత గీస్తే అది నేరుగా మూల పాకెట్‌లోకి పోతోంది. అలాంటప్పుడు వెనక బంతికి దెబ్బ కొంత పక్కగా తగిలినా ముందు బంతి పాకెట్‌లోకే పోతుంది. నేను నిశ్చింతగా సేఫ్టీ ఆడాననుకుని వదిలిన బల్లల మీద ఇలాంటి జంటలు ఎన్ని ఉండేవో అప్పుడు తలచుకున్నాను. ఇప్పుడు సేఫ్టీ ఆడే ముందు, కళ్లు బల్ల గుడ్డకు సమానంగా వచ్చేలా వంగి, అంటుకున్న ప్రతి జంట ఎటు చూస్తోందో సరిచూసుకుంటాను. ఒక నిమిషం పట్టినా పట్టించుకోను.

తర్వాత ఆరు వారాలు ఆరంభ బ్రేక్, అంటే ఆట మొదట్లో గుంపును కొట్టే షాటు, ఒక్కటే సాధన చేశాను. చెప్పిన బంతి ఏదీ పాకెట్‌లో పడనప్పుడు, బ్రేక్‌లో తెల్ల బంతీ, మరో రెండు బంతులూ కుషన్‌ను, అంటే బల్ల అంచు గోడను, తాకి తీరాలి. లేకపోతే రెండు పాయింట్లు పోతాయి, పైగా ఎదుటివాడు మళ్లీ బ్రేక్ చేయమని అడగవచ్చు. గుంపు చెదరకూడదు, కానీ రెండు బంతులు బయటికి వెళ్లి కుషన్‌ను తాకాలి, వీలైతే తిరిగి గుంపు దగ్గరికే చేరాలి. దీనికి పాతకాలపు దారి ఒకటుంది. గుంపు చివరి వరసలో కుడి మూలన ఉన్న బంతి కుడి అంచుకు తగిలేలా, తెల్ల బంతికి కుడి స్పిన్ ఇచ్చి కొడతాం. తెల్ల బంతి గుంపు వెనకున్న దిగువ కుషన్‌నూ, కుడి పక్క కుషన్‌నూ తాకి, బల్లను ఏటవాలుగా దాటి, ఎడమ పక్క కుషన్‌ను ఒరుసుకుని, బల్లకు అవతలి చివరనున్న ఎగువ కుషన్ దగ్గర ఆగాలి. మరీ నిండుగా తగిలితే గుంపు విచ్చుకుంటుంది. మరీ పలచగా తగిలితే రెండో బంతి కుషన్ దాకా పోదు. వేగం ఎక్కువైతే తెల్ల బంతి ఎగువ మూల పాకెట్‌లో పడుతుంది. తొమ్మిది అడుగుల బల్లకు ఆట జరిగే ఉపరితలం 100 అంగుళాల పొడవుంటుంది. అంత దూరం తిరిగి వచ్చిన బంతిని కుషన్‌కు ఒక చాక్ ముక్క దూరంలో ఆపడం గురికి సంబంధించిన విద్య కాదు, పూర్తిగా చేతి బరువుకు సంబంధించినది. ప్రతి బ్రేక్ తర్వాత తెల్ల బంతి ఎక్కడ ఆగిందో నోటు పుస్తకంలో చుక్క పెట్టుకునేవాణ్ణి. నాలుగో వారానికి ఆ చుక్కలు ఎగువ కుషన్ దగ్గరికి చేరడం మొదలైంది.

తెల్ల బంతి కుషన్‌కు అంటుకుని ఉంటే ఎదుటివాడు క్యూను పైకెత్తి, బంతి పైభాగం మీదే కొట్టాలి. అలాంటి చోటి నుంచి ఎదురుగా కనిపించే బంతి కూడా కష్టమవుతుంది. అందుకే దూరమూ, కుషనూ కలిసి సగం పని చేసిపెడతాయి.

దీనికి పూర్తిగా భిన్నమైన సేఫ్టీ ఇంకొకటి ఉంది, నన్ను బాగా ఆకట్టుకున్నది అదే. తెల్ల బంతిని ఎక్కడికీ పంపకుండా గుంపుకే అంటించి వదిలేయడం. బిగుతుగా అంటుకున్న బంతుల మీద మెత్తగా కొడితే ఆ దెబ్బ లోపలి బంతుల గుండా ప్రయాణించి అవతలి చివరి బంతిని కదిలిస్తుంది. ఆ బంతి నెమ్మదిగా దొర్లి కుషన్‌ను తాకితే చాలు, షాటు చెల్లుతుంది. తెల్ల బంతి మాత్రం కొట్టినచోటే గుంపును ఆనుకుని ఉండిపోతుంది. మొదటిసారి అది కుదిరినప్పుడు, నేను తాకని బంతి బల్లకు అవతలి వైపు దానంతటదే లేచి నడిచినట్టు అనిపించి, అలాగే నిలబడి చూశాను.

ఇక ఫౌళ్ల లెక్క. నైన్ బాల్ అనే మరో పూల్ ఆటలో ఫౌల్ చేస్తే ఎదుటివాడు తెల్ల బంతిని చేత్తో తీసి ఎక్కడైనా పెట్టుకుంటాడు. స్ట్రెయిట్ పూల్‌లో తెల్ల బంతి పాకెట్‌లో పడితే తప్ప అది ఉన్నచోటే ఉంటుంది, పోయేది ఒక్క పాయింటు. అందువల్ల తప్పించుకునే దారి లేనప్పుడు తెల్ల బంతిని క్యూ కొనతో కొద్దిగా తాకి, కావాలనే ఫౌల్ చేసి, అదే చిక్కును ఎదుటివాడికి అప్పగించవచ్చు. అతనూ అదే చేయవచ్చు. ఆ శనివారం జరిగింది ఇదే. తెల్ల బంతి గుంపు వెనక అంటుకుని ఉంది. నేను తాకి వదిలాను, అతనూ తాకి వదిలాడు. మళ్లీ నేను, మళ్లీ అతను. ఇద్దరికీ రెండేసి ఫౌళ్లు అయ్యాయి, కానీ మొదలుపెట్టింది నేను కాబట్టి మూడోసారి ఆడే వంతు ముందుగా నా దగ్గరికే వచ్చింది. అప్పుడు చెల్లే షాటు కోసం వెతికి, పక్కనున్న బంతి అంచును పలచగా తాకాను. అది కుషన్‌ను తాకకుండా రెండు వేళ్ల దూరంలో ఆగిపోయింది, అదే మూడో ఫౌల్. చెల్లే షాటు ఒక్కటి ఆడితే వరస లెక్క సున్నాకు వస్తుందని నాకు తెలుసు. తెలియనిదల్లా, ఆ షాటు ఏదో చూసి పెట్టుకున్న తర్వాతే మొదటి ఫౌల్ చేయాలని.

పెద్దాయన దగ్గర నేర్చుకున్నవాటిలో నేను అన్నిటికంటే విలువైనదిగా భావించేది ఎప్పుడు ఆగాలన్న లెక్క. వరసగా బంతులు పడుతుంటే, చివరిగా కష్టమైన బంతి ఒకటి ఎదురైనప్పుడు, ఇంత దూరం వచ్చాం కదా అని దాన్ని కూడా కొట్టేయాలనిపిస్తుంది. ఆ బంతి తప్పితే ఎదుటివాడికి విప్పి పెట్టిన బల్ల దక్కుతుంది. గుంపు ఇంకా మిగిలి ఉండగానే సేఫ్టీ ఆడితే, ఆనుకోవడానికీ, అడ్డు పెట్టుకోవడానికీ ఏదో ఒకటి ఉంటుంది. మూడు నాలుగు విడి బంతులే మిగిలాక ఎంత గొప్ప చేతికైనా సేఫ్టీ దొరకడం కష్టం. జాగ్రత్తపరుడిగా పేరుపడి ‘డీకన్’ అని పిలిపించుకున్న అర్వింగ్ క్రేన్, 1966 యుఎస్ ఓపెన్ స్ట్రెయిట్ పూల్ ఫైనల్లో జో బాల్సిస్ మీద వరసగా 150 బంతులు వేసి గెలిచాడు. ఎదురుచూడటం తెలిసినవాడికి దాడి చేతకాదనే మాటను, ఆ సంగతి తెలిసినప్పటి నుంచీ నేను నమ్మడం మానేశాను.

పోయిన ఆదివారం పెద్దాయనతో ఆడుతూ, 11 బంతుల తర్వాత ఆగాను. పాకెట్‌కు దగ్గరగా ఒక బంతి ఉంది కానీ దారి ఇరుకు. సేఫ్టీ అని చెప్పి, మిగిలిన గుంపు అంచును పలచగా తాకి, తెల్ల బంతిని ఎగువ కుషన్‌కు చేర్చాను. ఆయన బల్ల చుట్టూ రెండుసార్లు నడిచారు, ఒకసారి వంగి జంటలను చూశారు. తర్వాత క్యూ కొనతో తెల్ల బంతిని తాకీ తాకనట్టు తాకి, ఏమీ మాట్లాడకుండా, అదే క్యూను పైకెత్తి బల్లకు పైన తీగకు గుచ్చిన స్కోరు పూసల్లో తన వైపు పూస ఒకటి వెనక్కి జరిపారు.