పన్నెండు ముఖాలు, పంతొమ్మిది చెవులు

జనవరిలో జరిగే మా బడి పాత విద్యార్థుల సమ్మేళనం సంచికకి ఏదో ఒకటి రాయమని గ్రూపులో అడిగారు. కబడ్డీ గురించీ వార్షికోత్సవం నాటకం గురించీ రాసేవాళ్ళు ఎలాగూ ఉన్నారు. ఆ రెండిట్లోనూ నేను లేను. నాకు మిగిలింది డ్రాయింగు పీరియడే.

1987లో మేం తొమ్మిదిలో ఉన్నాం. డ్రాయింగు పీరియడంటే అప్పటికి లెక్కల మాష్టారు సిలబస్ అవలేదని లాక్కునే పీరియడు. ఆ ఏడు ఇద్దరు మాష్టార్లకీ రాజీ కుదిరింది. కాగితంతో బహుముఖులు, అంటే అన్ని వైపులా చదునైన ముఖాలుండే ఆకారాలు చెయ్యాలి, వాటి మీద బొమ్మలెయ్యాలి. బొమ్మలకి మార్కులు డ్రాయింగు మాష్టారు వేస్తారు, కొలతలకి లెక్కల మాష్టారు. మా బెంచికి ద్వాదశముఖి పడింది, పన్నెండు ముఖాలది. ఘనం వచ్చిన బెంచివాళ్ళు రెండు రోజుల్లో ముగించి మమ్మల్ని వెక్కిరించారు.

పన్నెండు పంచభుజులు గీయాలి. క్లాసు మొత్తానికి కోణమానినులు మూడు, అందులో ఒకటి విరిగింది. డ్రాయింగు మాష్టారు వృత్తలేఖిని కూడా ముట్టుకోలేదు. రెండంగుళాల వెడల్పున కాగితం పట్టీ చింపి, తాడుకి వేసినట్టే దానికో ముడి వేశారు. మెల్లగా బిగించి, గోటితో చదును చేసి, అటూ ఇటూ కొసలు కత్తిరించారు. చేతిలో ఐదు భుజాల బిళ్ళ! ఐదూ సమానమే. గుమ్మంలో నిలబడ్డ లెక్కల మాష్టారు నమ్మలేక లోపలికొచ్చి మూల కొలిచారు. 108 డిగ్రీలు.

ఇక ఆయన ఊరుకుంటారా, సుద్ద అందుకున్నారు. ఇలాంటివి మూడు ఒక మూల దగ్గర చేరిస్తే 324. చుట్టూ తిరగడానికి కావలసింది 360. మిగిలిన ఆ 36 డిగ్రీల సందు మూసేస్తేనే కాగితం బల్ల మీంచి పైకి లేస్తుంది. షడ్భుజులైతే మూడింటికే 360 నిండిపోతుంది, తేనెపట్టులా చదునుగా పడుంటుంది. ముఖాలకీ అంచులకీ మూలలకీ లంకె చెప్పే ఆయిలర్ సూత్రం పుస్తకంలో ఉన్నా నాకు బుర్రకెక్కలేదు గానీ ఈ సందు మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

ముడి బిళ్ళ చుట్టూ పెన్సిలు తిప్పి వలరూపం, అంటే మడవక ముందు కాగితం మీద పరుచుకునే ఆకారం గీశాం. రెండు పువ్వులు పక్కపక్కన, ఒక్కోదానికి మధ్యలో ఒకటి, చుట్టూ ఐదు. అంచులు 30. మడతతో తీరేవి 11. మిగతా 19 అంటించాలి. అంటించడానికి వదిలే ముక్కల్ని డ్రాయింగు మాష్టారు చెవులనేవారు. పంతొమ్మిది చెవులు!

అలంకరణ సంగతి నేను చూసుకుంటానన్నాను. మా పెదనాన్న పెడనలో కలంకారీ అద్దకం పని చేసేవాడు. అంచు చెక్కుకుపోయి పక్కన పడేసిన టేకు అచ్చులు ఇంట్లో బుట్టెడున్నాయి. మామిడి పిందెదొకటి, తీగదొకటి అడిగి తెచ్చాను. బట్టకి చేసేదే కాగితానికీ చేశాం. కరక్కాయ నీళ్ళు పూసి, నీడన ఆరబెట్టి, తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్ళలో అచ్చు ముంచి ఒత్తాం. ఒత్తగానే మడ్డి రంగులో ఉంటుంది. చూస్తూ ఉండగా నల్లబడుతుంది. కరక్కాయ వగరుకి ఇనుము తగిలితే వచ్చే నలుపది, వెనకటికి సిరా కూడా ఇలా చేసుకునేవారని మాష్టారు చెప్పారు. వెక్కిరించిన బెంచివాళ్ళు వచ్చి చుట్టూ మూగారు. నేను కొంచెం పోజు కొట్టానేమో కూడా.

జిగురు పెట్టే ముందు ఒకసారి ఉత్తినే మడిచి చూడమన్నారు. మడిచాం. కాగితం తడికి వంకర తిరగడం ఒక బాధ. అసలు బాధ తీగది. బల్ల మీద పువ్వు నుంచి పువ్వుకి చక్కగా పాకిన తీగ, బంతి కాగానే ఎక్కడికక్కడ తెగిపోయింది. మడతల దగ్గర బాగానే ఉంది. చెవులున్న ప్రతి చోటా తీగ కొసకి పిందె తోక ఎదురైంది. రెండు పిందెలైతే తలకిందులు. మాష్టారు తిట్టలేదు. పెన్సిలు తీసి, ఏ అంచు వెళ్ళి ఏ అంచుని కలుస్తుందో ఒకటికి ఒకటి, రెండుకి రెండు అని అంకెలు వేశారు. "ముందు చుట్టాలెవరో తెలుసుకో, తరవాత అద్దకం" అన్నారు.

రెండో కాగితం మీద ఆ అంకెలు చూసుకుంటూ, జంట అంచుల మీద చెరో సగం తీగ పడేలా ఒత్తాం. మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపి ఒక్కో చెవీ అంటించాం. చివరి ముఖం మూతలాంటిది, లోపలికి వేలు వెళ్ళదు. మూల దగ్గర మిగిలిన బెజ్జంలోంచి సైకిలు పుల్ల దూర్చి చెవుల్ని లోపల్నుంచి నొక్కాం. పీచు తీసిన కొబ్బరికాయంత బంతి తయారైంది. లెక్కల మాష్టారు శీర్షాలు 20 లెక్కపెట్టించారు. అంచులు మాత్రం మా బెంచిలో ఒకడికి ఎన్నిసార్లు లెక్కపెట్టినా 31 వచ్చేవి. ఆ మనిషి ఇప్పుడు బ్యాంకులో ఉన్నాడు, పేరు రాయను.

ఆ బంతి వరండాలో చాలా రోజులు వేలాడింది, తరవాత ఏమైందో ఎవరికీ తెలీదు. పాడైన మొదటి కాగితం మాత్రం నా దగ్గరే ఉంది, పాత అట్లాసు మధ్యలో. నలుపు ముదురు గోధుమరంగుకి తిరిగింది. ఇనుము కాగితాన్ని తినేసింది. పిందెలున్న చోటల్లా పిందె ఆకారంలోనే బెజ్జాలు పడ్డాయి. మాష్టారు వేసిన పెన్సిలు అంకెలు మాత్రం అలాగే ఉన్నాయి. జనవరి సమ్మేళనానికి తెస్తాను. చూసేటప్పుడు దయచేసి ఫ్యాను ఆపండి.