ఆ 0.07 గ్రాము ఎటు పోయింది?

గట్టిగా ఉన్న పాలిథిలీన్ ముక్క సాంద్రత కనుక్కోవడం తేలికే, తగిన ద్రవంలో ముంచి తూస్తే సరి. అది కరిగి ముద్దయ్యాక, వాతావరణ పీడనానికి దాదాపు వెయ్యి రెట్లున్న 100 మెగాపాస్కల్ ఒత్తిడిలో కొలవాలంటే నాకు నెల పట్టింది.

పరికరం పైకి మామూలుగానే ఉంటుంది: 9.55 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఉక్కు గొట్టం, అడుగు మూత, పైన పిస్టన్. తూచిన 2 గ్రాముల గుళికలు వేసి, కరిగించి, నొక్కి, పిస్టన్ ఎక్కడ నిలిచిందో చూడాలి. ఎత్తు తెలిస్తే ఘనపరిమాణం తెలిసినట్టే. అయితే 100 మెగాపాస్కల్ దగ్గర ఆ ఎత్తు దాదాపు 34 మిల్లీమీటర్లే. అందులో 0.1 మిల్లీమీటరు తప్పితే సాంద్రత 0.3 శాతం తప్పుతుంది. పిస్టన్ కూడా ఒత్తిడికి కాస్త కుదించుకుపోతుంది కాబట్టి, ముందు గొట్టంలో ఉక్కు కడ్డీ పెట్టి నొక్కి, ఆ కదలిక ఎంతో రాసుకున్నాను.

నాకు కావలసింది పాలీప్రొపిలీన్ లెక్క. కానీ ముందుగా జవాబు తెలిసిన పదార్థంతో పరీక్షించుకున్నాను. 190 డిగ్రీల సెల్సియస్ దగ్గర, వాతావరణ పీడనంలో, కరిగిన పాలిథిలీన్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.764 గ్రాములు ఉండాలి. అంత తక్కువ పీడనంలో పిస్టన్ రీడింగును నమ్మలేం. అందుకని 20 నుంచి 100 మెగాపాస్కల్ వరకు కొలిచి, పీడనంతో ఘనపరిమాణం ఎలా మారుతుందో చెప్పే టైట్ సమీకరణంతో వాతావరణ పీడనం దాకా కిందికి లెక్కగట్టాలి. నాకు 0.79 వచ్చింది.

మొదట గాలి బుడగలనుకున్నాను. కానీ బుడగలుంటే ఘనపరిమాణం పెరిగి సాంద్రత తగ్గాలి కదా! నాది పెరిగింది. ఒత్తిడి మార్చకుండా పావుగంట చూస్తూ కూర్చున్నా, పిస్టన్ ఆగకుండా కిందికి జారుతూనే ఉంది. విప్పి చూస్తే పిస్టన్ సీల్ దాటి పైకి కారిన పల్చటి పాలిమర్ పొర. గొట్టంలో మిగిలింది తూస్తే 1.93 గ్రాములు. లేని పదార్థాన్ని కూడా లెక్కలో కలుపుకున్నానన్నమాట.

సీల్ మార్చాను. గుళికల్ని కొంచెం కొంచెంగా వేస్తూ కూరాను. ప్రతి ఒత్తిడి దగ్గరా పిస్టన్ పూర్తిగా నిలిచేదాకా ఆగాను. ఆఖర్న మళ్లీ తూచాను, ఈసారి 2 గ్రాములూ ఉన్నాయి. లెక్కగడితే 0.765 వచ్చింది. అప్పుడు పాలీప్రొపిలీన్ సంచి విప్పాను.