కొత్త ర్యామ్‌ది తప్పు కాదు

గంటలో అయిపోతుందనుకున్న పని రాత్రి దాకా పట్టింది. డెస్క్‌టాప్‌లో ఉన్న 8 జీబీ ర్యామ్‌కి ఇంకో 8 జీబీ కలపడం, అంతే. ఫొటోలు ఎడిట్ చేస్తూ బ్రౌజర్ తెరిస్తే చాలు, సిస్టమ్ నత్తనడక నడుస్తోంది. ఎన్నాళ్లని ఓపిక పడతాం?

పవర్ కేబుల్ తీసేసి, లోపల మిగిలిన కరెంట్ పోవడానికి పవర్ బటన్ ఓసారి నొక్కి, ఒంట్లోని స్టాటిక్ కరెంట్ పోయేలా క్యాబినెట్ ఇనుప భాగాన్ని ముట్టుకుని మొదలుపెట్టాను. పాతదీ కొత్తదీ రెండూ డీడీఆర్4 రకం ర్యామే. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో పాతది, నాలుగో దాంట్లో కొత్తది పెట్టాను. క్లిప్పులు టక్కుమని పడ్డాయి. స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి. మానిటర్ మాత్రం నల్లగానే ఉండిపోయింది.

ర్యామ్ మార్చాక మొదటిసారి ఆన్ చేస్తే మదర్‌బోర్డు దాన్ని సరిచూసుకోవడానికి కాస్త టైమ్ తీసుకుంటుంది. అందుకని ఐదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాను. బోర్డు మీద డీర్యామ్ అని రాసి ఉన్న, ర్యామ్‌తో ఇబ్బంది ఉంటే వెలిగే చిన్న లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంది. అప్పుడు పట్టుకుంది టెన్షన్.

ఒక్కొక్కటే పెట్టి చూశాను. పాతది ఏ స్లాట్‌లో పెట్టినా డిస్‌ప్లే వచ్చింది, అంటే స్లాట్లు బాగానే ఉన్నాయి. కొత్తది ఎక్కడ పెట్టినా నల్ల తెరే. ఇంకేముంది, కొత్తది పాడైందని తేల్చేశాను. వాపసు పంపుదామని ప్యాకెట్‌లో పెడుతూ స్టికర్ మీద స్పీడ్ చూశాను. 2666. పాతదాని మీద 3200. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఏడాది కింద బయోస్‌లో, అంటే బోర్డు సెట్టింగులు ఉండే చోట, ర్యామ్‌ని ఎక్కువ స్పీడ్‌తో నడిపే ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగ్ ఆన్ చేసింది నేనే, పాత ర్యామ్ స్టిక్ 3200 స్పీడ్‌తో నడవాలని. ఆ సెట్టింగ్ బోర్డులో అలాగే ఉండిపోయింది. 2666కి తయారైన స్టిక్‌ని కూడా బోర్డు 3200 మీదే పరిగెత్తించబోయింది. పాపం, అది మాత్రం ఎలా అందుకుంటుంది! చాలా బోర్డులు రెండు మూడుసార్లు ప్రయత్నించి వాటంతటవే మామూలు స్పీడ్‌కి దిగుతాయి. నాది దిగలేదు.

ఆ సెట్టింగ్ చెరిగిపోవాలని మళ్లీ ప్లగ్ తీసి, బోర్డు మీదున్న గుండ్రటి సీఆర్2032 బ్యాటరీని ఊడదీసి పది నిమిషాలు పక్కన పెట్టాను. తర్వాత అన్నీ బిగించి ఆన్ చేశాను. ఒకసారి ఆగింది, తనే మళ్లీ స్టార్ట్ అయింది. ఊపిరి బిగపట్టుకుని చూస్తున్నాను. తెర వెలిగింది. 16384 ఎంబీ, 2666, డ్యూయల్ ఛానల్. అంటే రెండు స్టిక్కులూ జంటగా పనిచేస్తున్నాయి.

అయినా వెంటనే పనిలోకి దిగలేదు. ర్యామ్‌లో లోపం ఉంటే ప్రతిసారీ సిస్టమ్ ఆగిపోయి చెప్పదు. చప్పుడు లేకుండా ఒక ఫైల్‌ని పాడుచేసి ఊరుకుంటుంది. నా ఫొటోలన్నీ ఇందులోనే ఉన్నాయి. పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్ పెట్టాను. నాలుగు పాస్‌లు, అంటే నాలుగు రౌండ్లు పూర్తయ్యేదాకా మధ్యమధ్యలో వచ్చి ఎర్రర్ల గడిలోకి తొంగిచూస్తూనే ఉన్నాను. సున్నా కదల్లేదు. ఎక్స్‌ఎంపీ జోలికి మళ్లీ పోను. స్పీడ్ వేరైన రెండు స్టిక్కులు కలిస్తే నెమ్మదిదాని స్పీడ్‌కే నడవాలి, అది నాకు చాలు. నాకు కావాల్సింది జాగా.

బ్యాటరీ తీయడంతో తేదీ ఏళ్ల వెనక్కి పోయింది. అది సరిచేసి, పక్క ప్యానెల్ స్క్రూలు బిగించి, ఇరవై ఫొటోలు ఒకేసారి తెరిచాను. పక్కనే బ్రౌజర్ కూడా. ఏదీ ఆగలేదు.