కనుమ గాలిలో బొగ్గుల స్మోకర్: నా అనుభవం

నిన్న కనుమ. చేతులకి పొగ వాసన ఇంకా పోలేదు, అందుకే మర్చిపోకముందే రాస్తున్నాను. రాజోలు దగ్గర, వశిష్ట గోదావరి గట్టుని ఆనుకుని ఉన్న మా పుట్టింట్లో, బొగ్గుల స్మోకర్ మీద, అంటే సన్నటి వేడితో, పొగతో మాంసాన్ని గంటల తరబడి ఉడికించే మూత ఉన్న రేకు డబ్బాలో, మేక జబ్బ చేశాను. అద్భుతంగా వచ్చింది. ఈ గాలిలో అవ్వదన్నవాళ్లే రెండోసారి అడిగి పెట్టించుకున్నారు.

కోనసీమలో చలి అంటే ఎంతని? జనవరి తెల్లవారుజామున 18 డిగ్రీల దాకా ఉంటుంది. ఆ చలి స్మోకర్‌ని పెద్దగా ఏమీ చెయ్యదు. ఇబ్బంది పెట్టేది గాలి. పల్చటి రేకు కాబట్టి ఏటి మీంచి వచ్చే గాలి దాని వేడిని ఎప్పటికప్పుడు లాగేస్తుంది. దానికి తోడు మంచు. బొగ్గు చెమ్మ పీల్చుకునే వస్తువు.

మాంసానికి ముందురోజు రాత్రే ఉప్పు, మిరియాలు, అల్లం వెల్లుల్లి పట్టించి ఫ్రిజ్‌లో పెట్టాను. అందులో కష్టమేం లేదు.

కష్టమంతా బొగ్గులతో వచ్చింది. టౌన్‌లో ఒక కొట్టతను సరుగుడు బొగ్గులని బస్తా అమ్మాడు. తూకం పెరగడానికి నీళ్లు చల్లాడని నా గట్టి నమ్మకం, ఎవరేమన్నా సరే. అంటించగానే చిటపటలు, తెల్లటి పొగ. ఆ తెల్ల పొగ తగిలితే మాంసం చేదెక్కుతుంది. పొగ పల్చబడి, కాస్త నీలంగా కనిపించేదాకా మాంసం లోపల పెట్టకూడదు. అది పల్చబడదే! జాలీ దగ్గర పెట్టిన థర్మామీటర్ 80 దాటదు. నాకు కావలసింది 110 నుంచి 120.

ఈలోగా పెరడంతా చుట్టాలు. మా బావగారు అటు వెళ్తూ ఒకసారి, ఇటు వస్తూ ఒకసారి మూత ఎత్తి చూడటం. గాలి రోజున మూత ఒక్కసారి ఎత్తితే, పోయిన వేడి తిరిగి రావడానికి పావుగంట పడుతుంది. చెప్పినా వినరు. పెదనాన్నయితే అందరి ముందూ, "అమ్మాయ్, ఆ డబ్బా సంగతి తర్వాత చూద్దువుగాని, ముందు ఆ ముక్కలు కుక్కర్లో పడెయ్. గారెలు చల్లారిపోతున్నాయి" అన్నారు. నవ్వులు. మా వదిన జాలిపడి, "నాటుకోడి కూర ఉందిలే వదినా, నువ్వు టెన్షన్ పడకు" అంది. ఆ జాలే ఎక్కువ గుచ్చుకుంది. పొద్దున్నుంచీ నిలబడి ఉన్న మనిషికి తన పని తెలిసే ఉంటుందని ఎందుకనుకోరు? అదే పందెం కోడిని మేపేవాడికైతే ఎవరూ సలహా ఇవ్వరు.

నన్ను ఆదుకున్నది ఇస్త్రీ బండి అతను. వానొచ్చినా, మంచు కురిసినా ఆయనకి రోజూ నిప్పు కావాలి, అందుకని బొగ్గులు డబ్బాలో పోసి మూతపెట్టి దాచుకుంటాడు. ఆయన ఇచ్చిన బొగ్గులు, నిప్పు అంటించుకునే చిమ్నీ డబ్బాలో వేస్తే కాసేపట్లోనే బూడిద రంగుకి తిరిగాయి. కాబట్టి బొగ్గులు ఇస్త్రీ చేసేవాళ్ల దగ్గరో, కొలిమి దగ్గరో అడిగి తెచ్చుకోండి. అలంకారంగా కుట్టిన బస్తాలని నమ్మకండి.

మధ్యాహ్నానికి ఉత్తరపు గాలి లేచింది. ముల్లు ఒక్కసారి 160కి ఎగిరింది, మళ్లీ 95కి పడింది. గాలి నేరుగా కింది కన్నంలోకి కొడితే నిప్పు రాజుకుంటుంది. పై కన్నం పూర్తిగా తెరిచే ఉంచి, గాలికి ఎదురుగా ఉన్న కింది కన్నాలు మూసేసి, అవతలి వైపువి సగం తెరిచాను. పశువుల పాక కప్పగా మిగిలిన జింకు రేకుల్ని స్మోకర్‌కి మూడడుగుల దూరంలో ఇటుకల దన్నుతో నిలబెట్టాను. కొబ్బరాకుల తడిక కడతానన్నాడు తమ్ముడు. ఒక్క రవ్వ పడితే చాలు, వద్దన్నాను. వసారాలోకి లాగేద్దామన్నాడు. అదసలే కుదరదని అరిచాను. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ ఉండదు, వాసనా ఉండదు. మనుషుల ప్రాణాలు తీస్తుంది. ఎంత చలైనా, ఎంత గాలైనా స్మోకర్ ఆరుబయటే ఉండాలి. స్మోకర్ లోపల పెట్టే నీళ్ల పళ్లెంలో మాత్రం చన్నీళ్లు కాకుండా మరిగినవి పోయండి, దాన్ని వేడెక్కించడానికి బొగ్గు వృథా అవ్వదు.

అప్పుడు 115 దగ్గర నిలిచింది. నిలిచాక జామ కొమ్మ ముక్కలు రెండు వేశాను. ఆ పొగకి సాటి లేదు.

మాంసం లోపలి వేడి 68కి వచ్చి ఆగిపోయింది. గంట గడిచినా కదల్లేదు. మళ్లీ మాటలు మొదలయ్యాయి. ఇది అందరికీ వచ్చేదే, మాంసం మీది తడి ఆవిరవుతూ దాన్ని చల్లబరుస్తుంది. నిప్పు పెంచకుండా అరటాకులో చుట్టి, పైన ఫాయిల్ బిగించి మళ్లీ పెట్టాను. 93 దాటాక దించి, అరగంట అలాగే ఉంచాను. ఎముక చేత్తో లాగితే ఊడి వచ్చింది. భోజనాల వేళ దాటిపోయిందన్నది నిజమే. సాయంత్రం గారెల్లోకి తిన్నారు. పెదనాన్న ఏమీ అనలేదు, కంచం మాత్రం చాపారు.

ఒక్క సంగతి. మాసూళ్లు అయిపోయి ఊరంతా గడ్డిమేట్లు ఉండే రోజులివి. బూడిదలో నిప్పు మర్నాటిదాకా బతికుంటుంది, పెరట్లో పారబొయ్యకండి. వంటవ్వగానే అన్ని కన్నాలూ మూసేస్తే గాలందక ఆరిపోతుంది, మిగిలిన బొగ్గు మళ్లీ వాడుకోవచ్చు.